గడియారం ముల్లు వెనక్కి ఎందుకు తిరిగింది?

మా బడిలో పదో తరగతి చదివే కుర్రాడొకడు కంప్యూటరు తెర మీద గడియారం గీశాడు. పన్నెండు దగ్గరున్న ముల్లు ఒక లంబకోణం తిరిగి మూడు దగ్గరికి రావాలి. ప్రోగ్రాము నడిపితే ముల్లు తొమ్మిది దగ్గరికి పోయింది! లెక్క పదిసార్లు సరిచూసుకున్నాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. "పుస్తకంలోనే తప్పుంది మాస్టారూ!" అన్నాడు. తెర మీద కొలతలు కొన్నిచోట్ల పైనుంచి కిందికి లెక్కిస్తారు గదా, చిక్కు అక్కడుందేమోనని ముందు నేనూ అనుమానించాను. అదీ కాదు. వాడు చూసినవి రెండు పుస్తకాలు. రెండూ ఒప్పే. తమాషా అంతా అక్కడే ఉంది.

ముల్లు కొన ఎక్కడుందో చెప్పడానికి రెండు సంఖ్యలు చాలు: గడియారం మధ్య నుంచి కుడివైపుకు ఎంత, పైకి ఎంత. ముల్లు పొడవు 5 అనుకోండి. పన్నెండు దగ్గర దాని కొన (0, 5). మూడు దగ్గర (5, 0). తొమ్మిది దగ్గర (-5, 0). ఇలా దూరాన్నీ దిశనూ కలిపి చెప్పేదే సదిశ. దాన్ని తిప్పడానికి వాడే సంఖ్యల పట్టికే మాత్రిక. ఇంగ్లీషులో దీనికి మేట్రిక్స్ అని 1850లో పేరు పెట్టినవాడు సిల్వెస్టర్ అనే ఇంగ్లండు గణితజ్ఞుడు. ఆయన మిత్రుడు కేలీ 1858లో మాత్రికల గణితాన్ని ఒక శాస్త్రంగా వివరించాడు.

ఇక ఈ మాత్రిక చూడండి:

0   1
-1   0

ముల్లు కొనను నిలువుగా, అంటే 0 కింద 5 రాసి, మాత్రికకు కుడిపక్కన పెట్టండి. మాత్రిక అడ్డు వరుసలతో ఒక్కొక్కటిగా గుణించి కూడాలి. మొదటి వరుసతో 0×0 + 1×5 = 5. రెండో వరుసతో (-1)×0 + 0×5 = 0. జవాబు (5, 0). ముల్లు చక్కగా మూడు దగ్గరికి వచ్చింది.

అదే కొనను ఇప్పుడు అడ్డంగా రాసి, అదే మాత్రికకు ఎడమపక్కన పెట్టండి. ఈసారి నిలువు వరుసలతో గుణించాలి. మొదటిదానితో 0×0 + 5×(-1) = -5. రెండోదానితో 0×1 + 5×0 = 0. జవాబు (-5, 0). తొమ్మిది!

అడ్డంగా రాసేవారు తప్పు చేస్తున్నారా? లేదు. వాళ్ల పుస్తకంలో మాత్రికే వేరుగా ఉంటుంది:

0   -1
1   0

దీంతో గుణించి చూడండి. మళ్లీ (5, 0) వస్తుంది. మావాడు మాత్రికను ఒక పుస్తకంలోంచి, గుణించే పద్ధతిని రెండో పుస్తకంలోంచి తీసుకున్నాడు.

ఈ రెండు ఆచారాలూ కంప్యూటరు చిత్రాల రంగంలో మొదటినుంచీ ఉన్నాయి. ఫోలీ, వాన్ డామ్ రాసిన ప్రసిద్ధ గ్రంథం 1982 కూర్పులో అడ్డు పద్ధతి ఉంటే, 1990 కూర్పులో నిలువు పద్ధతి ఉంది. మైక్రోసాఫ్ట్ వారి డైరెక్ట్ త్రీడీ 1996లో వచ్చింది. దాని పత్రాలది అడ్డు పద్ధతి. ఓపెన్‌జీఎల్ పత్రాలది నిలువు పద్ధతి.

పద్ధతి మారితే చదివే క్రమం కూడా మారుతుంది. డ్రిల్లు మైదానంలో మాస్టారు ముందు "ఎడమకు తిరుగు", తర్వాత "రెండడుగులు నడు" అన్నారనుకోండి. ఆజ్ఞలు తారుమారైతే మీరు వేరే చోట తేలుతారు. మాత్రికలూ అంతే. అడ్డు పద్ధతిలో ముందు జరగాల్సినది ఎడమన ఉంటుంది, మనం వాక్యం చదివినట్టే చదువుకుంటూ పోవచ్చు. నిలువు పద్ధతిలో ముందు జరగాల్సినది కుడి చివర, బిందువు పక్కనే ఉంటుంది. కొత్తవారికి మొదటిది సుళువనిపిస్తుంది. అయినా గణిత పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది రెండోదే కాబట్టి నేను దాన్నే నేర్పుతాను.

ఇంకో వింత ఉంది. కంప్యూటరు మెమరీలో అడ్డమూ నిలువూ లేవు. సంఖ్యలన్నీ ఒకే బారులో ఉంటాయి. నిలువువారి మాత్రికను నిలువు వరుసల చొప్పున విప్పి రాయండి: 0, -1, 1, 0. అడ్డువారి మాత్రికను అడ్డు వరుసల చొప్పున విప్పండి: 0, -1, 1, 0. రెండూ ఒకటే!

ఇది కాకతాళీయం కాదు. సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ వారి ఐరిస్ జీఎల్‌లో అడ్డు పద్ధతి ఉండేది. దానినుంచి 1992లో ఓపెన్‌జీఎల్ పుట్టినప్పుడు పత్రాల్లో నిలువు పద్ధతికి మారారు. మరి అప్పటికే రాసిన ప్రోగ్రాముల మాటేమిటి? మెమరీలోని బారును కదపలేదు. అందులో సంఖ్యలు నిలువు వరుసల చొప్పున ఉన్నాయని మాత్రం పత్రాల్లో రాశారు. మూడు కొలతల బొమ్మలకు 16 సంఖ్యల మాత్రిక వాడతారు. బొమ్మను పక్కకు జరిపే మూడు సంఖ్యలు నిలువువారికి చివరి నిలువు వరుసలోనూ, అడ్డువారికి చివరి అడ్డు వరుసలోనూ కనిపిస్తాయి. బారులో మాత్రం ఇద్దరికీ అవి 13, 14, 15 స్థానాలే.

మావాడు 1ని, -1ని ఒకదాని చోట ఒకటి మార్చి రాశాడు. ముల్లు మూడు దగ్గరికి వచ్చింది. ఆపైన ప్రోగ్రాము మొదట్లో ఒక ముక్క చేర్చాడు: "ఇక్కడ బిందువులు అడ్డంగా రాశాను."