రాయచూరు సీమలో ఇంటి క్రయవిక్రయములు: గృహపరీక్ష

రాయచూరు కోటగోడలో 41 అడుగులకు మించిన పొడవుగల రాతిపలక యొకటి కలదు. ఆ కోటను 1294వ సంవత్సరమున గోరె గంగయరెడ్డి కట్టించెనని దానిపైనున్న తెలుగు శాసనము తెలుపుచున్నది. సామాన్యుని యింటికి అట్టి శాసన ముండదు. ఎవరు కట్టిరో, ఎట్టి పునాది వేసిరో చెప్పువారు లేనపుడు కొనువాడు ఇంటినే పరీక్షించి తెలిసికొనవలెను. జీవితకాలమున కూడబెట్టిన ధనము ఒక్క సంతకముతో చేయి మారును గనుక ఈ పరీక్ష అనవసర వ్యయము కాదు.

మొదట చూడవలసినది నేల. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ అంతర్వేదిలో నల్లరేగడి విస్తారముగా కలదు. ఆ మన్ను నీరు త్రాగి ఉబ్బును, ఎండకు ముడుచుకొని బీటలు వారును. ఏటేట జరుగు ఈ కదలికకు లోతులేని పునాది లేచుచు దిగుచు నుండును. అందువలన తలుపుల, కిటికీల మూలలనుండి ఏటవాలుగా పగుళ్లు పుట్టును. పూతలోని వెండ్రుకవంటి గీతకు భయపడనక్కరలేదు. గోడ రెండువైపుల కనబడుచు, ఒక కొనయందు వెడల్పగు పగులు పునాది దోషమును సూచించును. పగులుకు అడ్డముగా సన్నని గాజుపలకను సిమెంటుతో అతికించి కొన్ని నెలలు చూచినచో, కదలిక సాగుచున్నయెడల గాజు విరుగును. రేగడినేలకు అడుగున ఉబ్బెత్తుగానుండు పైలు పునాది అనుకూలమని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ చూపినది. అమ్మువానిని పునాది ఎట్టిదని అడుగుట కొనువాని హక్కు.

రెండవది చెమ్మ. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తియైన పిదప ఎడమకాలువ క్రింది సింధనూరు ప్రాంతమునకు తీరాంధ్ర రైతులు వచ్చి క్యాంపులు కట్టుకొనిరి. పంట పెరిగినది, కాని పల్లపుచోట్ల నీరు నిలిచి చౌడు పైకెక్కినది. చౌడునేలపై గోడ అడుగుభాగమున తెల్లని ఉప్పు పొడి కనబడును, పూత పెచ్చులుగా ఊడును. అమ్మకమునకు ముందు గోడ క్రిందిభాగమునకు మాత్రమే క్రొత్త సున్నము వేసియున్నచో కారణ మడుగవలెను. బావినీటిని కూడ పరీక్ష చేయించుట మేలు.

మూడవది పైకప్పు. పాత మట్టిమిద్దెలలో దూలముల కొనలు గోడలోనికి చొచ్చియుండుచోటనే చెద, కుళ్లు మొదలగును. అచట తట్టి చూడవలెను. బోలు చప్పుడు వచ్చినను, సూదిమొన సులువుగా దిగినను కొయ్య చెడినదని గ్రహింపవలెను. కాంక్రీటు కప్పునందు త్రుప్పుమరకలు, పెచ్చులూడి బయటపడిన ఇనుము ప్రమాదచిహ్నములు. ఇంటిని వేసవి చివర నొకసారి, మంచి వాన కురిసిన మరునా డొకసారి చూచుట ఉత్తమము. మొదటిసారి పగుళ్లు, రెండవసారి కారుట బయటపడును. విద్యుత్తు తీగలను, ఎర్తింగును, మురుగు పోవు దారిని తెలిసినవానిచేత చూపింపవలెను.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి, కొనుటకు ముందు ఇన్‌స్పెక్టరును పిలుచుట పరిచితమే. ఇచట అట్టి నిర్బంధము లేదు; అనుభవముగల సివిల్ ఇంజనీరును నియమించుకొనవలెను. అప్పిచ్చు బ్యాంకు ఇంటికి విలువ కట్టించును. అది అప్పునకు తగిన హామీ కలదా యని చూచుటకే గాని ఇంటి ఆరోగ్యమును తెలుపుటకు కాదు.

ఇంటితోబాటు పత్రములను కూడ పరీక్షింపవలెను. రాయచూరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. పాత దస్తావేజులు ఉర్దూలోను, తరువాతివి కన్నడములోను ఉండవచ్చును. కన్నడము మాటలాడగలిగియు చదువలేనివారు నమ్మకస్థునిచేత ప్రతి పంక్తి చదివించుకొనవలెను. ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు, ఖాతా, గ్రామమందైనచో ఈ-స్వత్తు పత్రములు చూడవలెను. పొలములో లేచిన ఇల్లయినచో, 1964 నాటి భూమి రెవిన్యూ చట్టము ననుసరించి ఆ భూమి వ్యవసాయేతరముగా మార్పబడినదా యని విచారింపవలెను.

అమ్మువానికిని బాధ్యత కలదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 55వ సెక్షను ప్రకారము, తనకు తెలిసియుండి, కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనుగొనలేని ముఖ్యదోషమును అతడు వెల్లడింపవలెను. వేరు ఒప్పందము లేనపుడు ఈ నియమము వర్తించును. కంటికి కనబడు దోషమును చూడకుండుట మాత్రము కొనువాని లోపమే. ముందుగా తానే పరీక్ష చేయించి లోపములు చెప్పిన అమ్మకందారునకు తరువాత తగవులు తగ్గును.

కావున బయానా ఇచ్చునపుడే ఒడంబడికలో మూడు మాటలు వ్రాసికొనవలెను: పరీక్షకు ఇన్ని దినముల గడువు, దోషము కనబడినచో మరమ్మతు ఎవరు చేయింపవలెను, లేదా ధర ఎంత తగ్గింపవలెను, రెండును కుదరనిచో బయానా తిరిగి ఇచ్చు విధము. రిజిస్ట్రేషను ముగిసిన పిమ్మట పగులు చూచి వగచుటకంటె, ముందు పదిదినములు ఆగుట ఇరువురకును క్షేమము.