క్యాన్సర్ కణానికీ ఓ పతాకా!

మస్కట్: రువిలో పోలీసు ఆపాడంటే మనవాళ్ల చెయ్యి ముందు జేబులోకే పోతుంది. రెసిడెంట్ కార్డు... మనవాళ్ల మాటలో పతాకా. అది చూపిస్తేనే ముందుకు కదిలేది. మన ఒంట్లోనూ ఇదే తంతు నడుస్తుంటుంది. ప్రతి కణమూ తనలోని ప్రొటీన్లను ముక్కలు చేసి, హెచ్ఎల్ఏ అనే పళ్లెంలో పెట్టి గడప బయట చూపిస్తుంది. సాధారణంగా 8 నుంచి 10 అమైనో ఆమ్లాలుండే ఈ ముక్కలే పెప్టైడ్లు. గస్తీ తిరిగే టీ కణాలు వాటిని తడిమి చూస్తాయి. మనదైతే వదిలేస్తాయి. తేడా కనిపిస్తే... కణం పని సరి!

క్యాన్సర్ కణం దొరికిపోయేదీ ఇక్కడే. 1991లో బెల్జియంలో థియెరీ బూన్ బృందం మెలనోమా అనే చర్మ క్యాన్సర్లో ఇలాంటి ఆనవాలు ఇచ్చే మేజ్ జన్యువును పట్టుకుంది. మరి కడుపు, పేగుల క్యాన్సర్ల మాటేమిటి? చాలాకాలం పెద్దగా ఆశ లేదు. 2015లో అమెరికాలో స్టీవెన్ రోజెన్‌బర్గ్ బృందం జీర్ణకోశ క్యాన్సర్ ముదిరిన పదిమందిని పరీక్షించింది. తొమ్మిదిమందిలో, కణితిలోకి చొరబడిన టీ కణాలు క్యాన్సర్ మార్పులను గుర్తుపడుతున్నాయని తేలింది. సైన్యం ఉంది, బలమే చాలడం లేదన్నమాట.

మరుసటేడు వచ్చిన కబురు ఇంకా ఆసక్తికరం. పెద్దపేగు క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిన యాభయ్యేళ్ల మహిళకు ఆమె సొంత టీ కణాలనే ల్యాబ్‌లో పెంచి ఎక్కించారు. అవి కేఆర్ఏఎస్ జీ12డీ అనే మార్పును పసిగట్టే కణాలు. ఏడు గడ్డలూ కుంచించుకుపోయాయి. తొమ్మిది నెలలకు ఒకటి మళ్లీ పెరిగింది. తీసి చూస్తే ఏముంది? ఆ పెప్టైడును చూపించే హెచ్ఎల్ఏ పళ్లేన్నే అది వదిలించుకుంది! పతాకా పారేసి తిరిగే దొంగలాగా.

ఇదంతా మనకెందుకంటారా? ఒమన్ మగవాళ్లలో కడుపు క్యాన్సర్ చాలాకాలం ముందు వరుసలోనే ఉంది. దానికి ప్రధాన కారణాల్లో ఒకటైన హెలికోబాక్టర్ పైలోరీ సూక్ష్మజీవి అక్కడా, మన ఊళ్లలోనూ మామూలే. రెండు వారాల మందులతో చాలామందిలో పోతుంది కూడా. కానీ మనవాళ్లేం చేస్తారు? మంట పుడితే గ్యాస్ బిళ్ల. సెలవుకి ఊరెళ్లాక చూద్దాంలే అని ఏడాది, రెండేళ్లు. పూట జీతం పోతుందన్న భయం నిజమే, కాదనలేం. అయినా మలంలో నెత్తురు, నల్లటి విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం... వీటికి మాత్రం ఆగొద్దు.

పెప్టైడ్ టీకాలు ఇంకా ప్రయోగాల దశలోనే ఉన్నాయి. అయితే ఒకటి ఇప్పుడే పనికొస్తుంది. డీఎన్ఏ తప్పులు దిద్దే ఎంఎంఆర్ వ్యవస్థ చెడిన కణితుల్లో తేడా పెప్టైడ్లు బోలెడు. టీ కణాల బ్రేకు వదిలించే మందులు వాటిమీద బాగా పనిచేస్తాయి. 2022లో న్యూయార్క్ వైద్యులు అలాంటి పురీషనాళ క్యాన్సరున్న 12 మందికి డోస్టార్లిమాబ్ ఇస్తే, అందరిలోనూ కణితి మాయమైంది. ఇలాంటి కణితులు కొద్దిమందిలోనే ఉంటాయి, నిజమే. అందుకే బయాప్సీ అయితే 'ఎంఎంఆర్ పరీక్ష చేశారా?' అని డాక్టరుగారిని అడగండి.

మస్కట్‌లో రాయల్ హాస్పిటల్లోని జాతీయ ఆంకాలజీ కేంద్రం, అల్ ఖౌద్‌లో 2021లో తెరిచిన సుల్తాన్ ఖబూస్ క్యాన్సర్ కేంద్రం ఉన్నాయి. ప్రవాసులకు ఖర్చు ఎవరు భరిస్తారో, బీమాలో క్యాన్సర్ ఉందో లేదో ముందే కనుక్కోవాలి. వైద్యానికి ఇంటికే వెళ్లిపోయేవాళ్లు రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా బయాప్సీ ముక్క ఉన్న మైనపు బ్లాకును కూడా అడిగి తీసుకెళ్లండి. హైదరాబాద్‌లో మళ్లీ గొట్టం వేయించుకోకుండా చాలాసార్లు దానిమీదే ఈ పరీక్ష చేయించుకోవచ్చు.