గూటి మీద నీడ

మామిడి పూత పిందె పడుతున్న ఫిబ్రవరి నెలాఖరు. ఎన్నాళ్లుగానో అనుకుంటున్న ప్రయాణం ఒక శనివారం కుదిరింది. మేము నలుగురు స్నేహితులం, మాలో ఒకరి పదేండ్ల కుమారుడు, తెల్లవారుజామున సూళ్లూరుపేటలో రైలు దిగి, సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని నేలపట్టుకు ఆటోలో చేరుకున్నాము.

చెరువు గట్టు ఎక్కేసరికి పొద్దు పొడిచింది. నీటిలో నిలిచిన కడప చెట్ల నిండా గూళ్లే. నీటికాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకుంటున్నాయి. నత్తగుల్ల కొంగలు పుల్లలు మోసుకొస్తున్నాయి. అన్నిటికంటే ఎత్తున గూడబాతులు! 1976లో ప్రభుత్వం ఈ చెరువును పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించింది. ఏటా అక్టోబరు మొదలు మార్చి వరకు అవి ఇక్కడ గుడ్లు పెట్టి పిల్లలను పెంచుతాయి.

పక్షులన్నీ ఒక్కసారి ఎగిరితే చూడాలని పిల్లవాడు రాయి తీశాడు. మా వెంట నడుస్తున్న ఆ ఊరి పెద్దాయన వాని చెయ్యి మెల్లగా పట్టుకున్నాడు. "వద్దు అబ్బయా. తల్లి లేచిందంటే కాకి వచ్చి గుడ్డు తన్నుకుపోతుంది. ఈకలు రాని పిల్లలైతే ఎండకు మాడిపోతాయి" అన్నాడు.

పిల్లవాడు రాయి వదిలేశాడు గాని ముఖం చిన్నబోయింది. వాని తండ్రి దుర్భిణి చేతికిచ్చి ఒక గూడు చూపించాడు. ఎండ ముదురుతుండగా తల్లి గూడబాతు రెక్కలు కొంచెం విప్పి, పిల్లలకు నీడ పట్టి నిలబడింది. ఇంతలో ఇంకొకటి వాలింది. పిల్ల ఒకటి దాని గొంతు సంచిలో తల దూర్చి చేపలు తినసాగింది. "నాన్నా, తల మొత్తం లోపలికి పోయింది!" అన్నాడు వాడు గుసగుసగా.

నాకు నా చిన్నతనం గుర్తుకొచ్చింది. ఉండేలుతో నేను కొట్టిన కొంగలకు కూడా ఎక్కడో గూడు ఉండి ఉంటుందని ఆ రోజుల్లో ఒక్కసారైనా తోచలేదు. ఆ మాట స్నేహితులతో చెప్పాను. ఎవరూ నవ్వలేదు. వారూ అదే పని చేసినవారే.

సాయంత్రం శ్రీహరికోట రోడ్డు మీద పులికాట్ సరస్సు మధ్యకు వెళ్లాము. మన దేశంలో చిలక తరువాత ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. లోతు తక్కువ నీళ్లలో వందలాది రాజహంసలు ముక్కు తలకిందులుగా పెట్టి, బురదనీటిని వడగట్టి మేస్తున్నాయి. తినే నాచు, చిన్న రొయ్యల వల్లనే వాటికి ఆ గులాబి రంగు. అవి ఎగరాలని ఎవరో కారు హారను మోగించారు. "మోగించవద్దని చెప్పండి, మేత మేస్తున్నాయి" అన్నాడు మా పిల్లవాడు. పొద్దున రాయి తీసిన చెయ్యి అదే!

చదువరులారా, పక్షులను చూడటానికి దూరం పోనక్కరలేదు. మీ ఊరి చెరువు గట్టున ఉన్న తుమ్మచెట్టు చాలు. పిల్లలను వెంటబెట్టుకొని పొద్దున్నే వెళ్లండి. గూటికి దూరంగా కూర్చోండి, మెల్లగా మాట్లాడండి. తల్లిపక్షి గూడు వదలకుండా మీరు తిరిగి రాగలిగితే, ఆ రోజు మంచి రోజే.