నీళ్లు చెక్కిన ఎడారిలో ఇద్దరు

అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లలో లాంగ్ వీకెండ్‌కి నాలుగు రోజుల సెలవు కలిపి లాస్ వేగాస్‌లో దిగేవాళ్లు చాలామందే. వాళ్లలో కొందరు జూదశాలల వైపు చూడకుండా అద్దె కారు తీసుకుని ఈశాన్యంగా బయల్దేరతారు. రెండున్నర గంటల్లో జయాన్ నేషనల్ పార్క్ వస్తుంది. అక్కణ్నుంచి బ్రైస్, పేజ్, మాన్యుమెంట్ వ్యాలీ, మోఆబ్, ఆఖరున గ్రాండ్ కేన్యన్. కొలరాడో పీఠభూమి మీద యూటా, ఆరిజోనా రాష్ట్రాల్లో సాగే ఈ దారి చుట్టి మళ్లీ వేగాస్ చేరేసరికి దాదాపు 2,000 కిలోమీటర్లు అవుతుంది.

ఈ దారికి తోడు కావాలి. కబుర్లకు, పాటలకు మాత్రమే కాదు. ఇక్కడి గోడల్ని చెక్కింది నీళ్లు. మనిషిని ఇక్కడ కష్టాల్లో పడేసేదీ నీళ్లే: గొంతు తడుపుకోవడానికి దొరక్కపోవడమో, లేదంటే చెప్పాపెట్టకుండా వచ్చి మీద పడటమో. ఒకరు స్టీరింగ్ మీదో, కెమెరా మీదో దృష్టి పెట్టినప్పుడు ఇంకొకరు మబ్బుల్నీ, నీళ్ల సీసాల్నీ, గడియారాన్నీ కనిపెట్టుకుని ఉండాలి.

జయాన్‌లో నిటారుగా లేచిన ఎర్రటి గోడలు ఒకప్పటి ఇసుక దిబ్బలు. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ సహారా లాంటి ఎడారి ఉండేది. ఆ ఇసుక మీద కొత్త పొరలు పడుతూ పోయి, అడుగున ఉన్నది నొక్కుకుని రాయిగా మారింది. గోడకు దగ్గరగా వెళ్లి చూస్తే ఏటవాలు చారలు కనిపిస్తాయి. కొన్ని కుడికి వాలితే, వాటిని కోసుకుంటూ పైన ఇంకొన్ని ఎడమకు వాలుతాయి. గాలి ఆ దిబ్బల్ని ఎటు నెట్టిందో ఆ చారలే ఇప్పటికీ చూపిస్తున్నాయి. తర్వాత పీఠభూమి మొత్తం పైకి లేచింది. నేల లేచేకొద్దీ నదులకు వాలు పెరిగింది, వాలుతో పాటు కోతా పెరిగింది. వర్జిన్ నది మామూలు రోజుల్లో మన వాగంత ఉంటుంది. ఆ వాగే వందల మీటర్ల లోతున దారి చేసుకుంది. 'నారోస్' అనే చోట సందర్శకులు నదిలోనే నడుస్తారు. అక్కడ కొన్ని మలుపుల్లో గోడకూ గోడకూ మధ్య ఎడం 20, 30 అడుగులే.

బ్రైస్‌లో నది పాత్ర తక్కువ, మంచుదే పని. 2,400 మీటర్ల పైన ఎత్తు కాబట్టి ఏడాదిలో దాదాపు సగం రోజులు నీరు రాత్రి గడ్డకట్టి పగలు కరుగుతుంది. పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకట్టినప్పుడు ఉబ్బి రాయిని చీలుస్తుంది. అలా మిగిలినవే హూడూలనే ఆ రాతి స్తంభాలు. వీటిని తెల్లవారుజామున చూడాలి.

పేజ్ ఊరి పక్కనే యాంటిలోప్ కేన్యన్. ఫోన్ల తెరల మీదా, క్యాలెండర్ల మీదా అందరూ చూసినదే: అలలు తేలిన నారింజ రంగు గోడలు, పైనుంచి జారే ఒక్క వెలుతురు కిరణం. ఇది నవాహో ప్రజల భూమి, వాళ్ల గైడ్ వెంట తప్ప లోపలికి వెళ్లనివ్వరు. ఆ నియమాన్ని విసుక్కునేవాళ్లు 1997 ఆగస్టు 12 గురించి తెలుసుకోవాలి. ఆరోజు ఆ చోట చెప్పుకోదగ్గ వాన లేదు. కిలోమీటర్ల దూరాన, ఎగువన కురిసింది. చెట్టూ చేమా లేని బండ నేల ఆ నీటిని పీల్చుకోలేదు. అంతా ఒక్క సందులోకే దూసుకొచ్చింది. 11 మంది పర్యాటకులు చనిపోయారు. ఆ తర్వాతే హెచ్చరిక ఏర్పాట్లు, గట్టిగా బిగించిన ఇనుప మెట్లు వచ్చాయి. ఇలాంటి సన్నటి గండుల్లో నడుస్తూ తలెత్తితే, మనిషి ఎత్తుకు ఎంతో పైన రెండు గోడల మధ్య అడ్డంగా ఇరుక్కుపోయిన చెట్టు మొద్దులు అక్కడక్కడా కనిపిస్తాయి. వాటిని అక్కడికి చేర్చింది వరదే. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడి వానల్ని అమెరికన్లు కూడా 'మాన్‌సూన్' అనే అంటారు. ఆ నెలల్లో, మనమున్న చోట ఆకాశం నీలంగా ఉన్నా, ఎగువన మబ్బు పట్టిందంటే స్నేహితుల్లో ఒకరు గట్టిగా వద్దనాలి, రెండోవాళ్లు వినాలి.

పేజ్‌లో ఇంకో చిక్కుంది. ఆరిజోనా వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపదు, నవాహో నేషన్ జరుపుతుంది. సరిహద్దులో ఫోను ఒకసారి ఒక టైము, ఇంకోసారి ఇంకో టైము చూపిస్తుంది. టూర్ బుక్ చేసుకున్నప్పుడే అది ఏ టైమో అడిగి పెట్టుకోవాలి.

మాన్యుమెంట్ వ్యాలీలో విశాలమైన మైదానం మధ్య లేచిన ఎర్ర శిఖరాలు 1939 నాటి జాన్ ఫోర్డ్ సినిమా 'స్టేజ్‌కోచ్' నుంచి ప్రపంచానికి పరిచయమే. మోఆబ్ దగ్గరి ఆర్చెస్ పార్కులో 2,000కు పైగా రాతి తోరణాలున్నాయి. అందరూ తలెత్తి తోరణాల్నే చూస్తారు, కాళ్ల కింద ఉన్నదాన్నీ చూడాలి. కాలిబాట పక్కన నల్లగా, బొడిపెలు బొడిపెలుగా కనిపించే మట్టి పైపొర ప్రాణమున్నది. సయనోబ్యాక్టీరియా, లైకెన్లు, నాచు కలిసి ఇసుకను కట్టి పట్టుకుంటాయి, పడిన చుక్క నీటిని నిలుపుకుంటాయి. ఫొటో కోసం బాట దిగి వేసిన ఒక్క అడుగుకు నలిగిన పొర మళ్లీ పెరగడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

మోఆబ్‌కి పడమరగా, గ్రీన్ రివర్ ఊరి నుంచి సలైనా ఊరి దాకా ఐ-70 హైవే మీద 170 కిలోమీటర్లకు పైగా పెట్రోలు బంకు లేదు, హోటలూ లేదు. ఆ ప్రాంతంలోనే, బ్లూజాన్ కేన్యన్‌లో, 2003 ఏప్రిల్‌లో ఏరన్ రాల్‌స్టన్ అనే యువకుడు ఒంటరిగా దిగాడు. ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు. కదిలిన బండకూ గోడకూ మధ్య కుడిచెయ్యి ఇరుక్కుంది. అయిదు రోజులు చూసి, చివరికి ఆ చేతిని తానే కోసుకుని బయటపడ్డాడు. ఆయన కథతో వచ్చిన '127 అవర్స్' సినిమాకు మన ఎ.ఆర్. రెహమాన్ సంగీతమిచ్చారు. రాల్‌స్టన్ ధైర్యాన్ని అందరూ మెచ్చుకుంటారు, మెచ్చుకోవాల్సిందే. పక్కన ఇంకో మనిషి ఉండుంటే ఆ ధైర్యం అంతగా అవసరపడేది కాదేమో.

తోడున్నంత మాత్రాన అన్నీ సర్దుకోవు. 1869 మే 24న అన్వేషకుడు జాన్ వెస్లీ పావెల్ పది మందితో కూడిన బృందాన్ని నాలుగు పడవల్లో గ్రీన్ నది మీదుగా గ్రాండ్ కేన్యన్ వైపు నడిపించాడు. అంతర్యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న మనిషి ఆయన. ఒక పడవ పగిలింది, తిండి పాడైంది, ఒకతను దారిలోనే విడిపోయాడు. ఆగస్టు 28న గ్రాండ్ కేన్యన్‌లో భయంకరమైన సుడుల దగ్గర మాట కుదరక ముగ్గురు నది వదిలి గట్టెక్కి నడిచి వెళ్లిపోయారు. వాళ్లు ప్రాణాలతో ఇల్లు చేరలేదు. నదినే నమ్ముకున్న ఆరుగురు రెండు రోజులకే వర్జిన్ నది కలిసే చోట బయటపడ్డారు. జయాన్‌ను కోసింది ఆ వర్జిన్ నదే.

గ్రాండ్ కేన్యన్ పొడవు 446 కిలోమీటర్లు, లోతు కిలోమీటరున్నర పైమాటే. గండికోట దగ్గర పెన్నా అంచున నిలబడ్డవాళ్లకు ఈ దృశ్యం పూర్తిగా కొత్త కాదు, ఈ కొలతలు మాత్రం కొత్తే. అడుగున నదిని ఆనుకుని, గులాబీ రంగు గ్రానైటు చారలతో మెరిసే నల్లరాయి వయసు సుమారు 170 కోట్ల ఏళ్లు. దాని పేరు విష్ణు షిస్ట్. 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్ ఇక్కడి శిఖరాలకు విష్ణు టెంపుల్, శివ టెంపుల్ అని పేర్లు పెట్టాడు. బ్రహ్మ, రాముడు, కృష్ణుడు, బుద్ధుడు, మనువు పేర్లూ మ్యాపులో ఉన్నాయి. సౌత్ రిమ్ మీద నిలబడి ఆ పేర్లు ఒక్కొక్కటే వెతుక్కోవడం తెలుగువాళ్లకు దొరికే ప్రత్యేకమైన ఆనందం.

అంచు దాదాపు 2,100 మీటర్ల ఎత్తులో చల్లగా ఉంటుంది. ఆ చల్లదనం మోసం చేస్తుంది: అడుగున వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. కొండెక్కేటప్పుడు అలుపు ముందే తెలుస్తుంది, ఇక్కడ దిగేటప్పుడు హాయిగా ఉండి, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. నదిదాకా దిగి అదేరోజు తిరిగి రావద్దని పార్కువాళ్లు పదేపదే చెబుతారు. బ్రైట్ ఏంజెల్ దారిలో మైలున్నర దగ్గరున్న రెస్ట్‌హౌస్‌ నుంచి వెనక్కి తిరిగినా లోయ కావలసినంత కనిపిస్తుంది. ఇంకా ఓపిక ఉందనిపించేది సరిగ్గా అక్కడే, కాబట్టి ఎక్కడ వెనక్కి తిరగాలో ఇద్దరూ పైనుండగానే అనుకోవాలి. నది పక్కనే రాత్రి గడపాలంటే 1922లో కట్టిన ఫాంటమ్ రాంచ్ ఉంది. అక్కడ బస కోసం నెలల ముందే లాటరీలో పేరు ఇచ్చుకోవాలి కనుక, ఆ కోరిక ఉన్న మిత్రులు విమానం టికెట్ల కన్నా ముందు ఆ సంగతి చూసుకుంటే మంచిది.