చౌడు నేల యందలి అయానులు

నౌపడా మళ్లలో సముద్రపు నీ రెండి తెల్లని ఉప్పగుట మన జిల్లావా రెల్లరు నెఱిగినదే. లీటరు సముద్రజలమున నించుమించు 35 గ్రాముల లవణము లుండును. ఉప్పు పండించువారికి అది రాబడి; పొరుగున వరి పండించు రైతునకు అదియే ముప్పు.

ఉప్పు నీట కరగినపుడు సోడియము ధనవిద్యుత్తును, క్లోరిను ఋణవిద్యుత్తును దాల్చి వేఱు వేఱుగ సంచరించును. ఇట్టి కణములకు అయానులని పేరు. 1834లో ఫారడే పండితుడు ఈ పేరును వాడుకలోనికి తెచ్చెను. గ్రీకు భాషలో 'పోవునది' యని దాని యర్థము. ఉప్పు నీటిలో నిట్లు విడిపోవునని స్వీడను దేశీయుడగు అర్హీనియసు 1884లో వ్రాయగా పరీక్షకులు తక్కువ మార్కు లిచ్చిరి. ఆయనకే 1903లో నోబెలు బహుమానము వచ్చెను!

దీనితో మన చేలకు పనియేమందురా? బంకమట్టి రేణువులు ఋణవిద్యుత్తు గలవి. కావున ధన అయానులను తమకు అంటించుకొనును. కాల్షియ మంటిన నేల గుల్లగా నుండును. సోడియ మంటినచో తడిసినపుడు జిగట బురదయై, ఎండినపుడు రాయియై, నీరు దిగనీయదు.

పాలచౌడులో ఉప్పు మట్టితో ఊరక కలిసియుండును. మంచినీరు నిలిపి మురుగుకాలువకు వదలుచుండిన కొట్టుకొనిపోవును. కారుచౌడులో సోడియము రేణువులనే పట్టుకొని యుండును. వట్టి నీటికి లొంగదు. దానికి జిప్సము కావలెను. జిప్సములోని కాల్షియము రెండు పాళ్ల విద్యుత్తు గలది; ఒక పాలే గల సోడియమును త్రోసి తాను కూర్చుండును. విడివడిన సోడియమునకు మురుగుకాలువ లేనిచో, అది యా చేలోనే యుండును. జిప్సమునకు పెట్టిన సొమ్ము వ్యర్థము. చౌడనగానే జిప్సము కొనుటయు మాకు సమ్మతము గాదు. పాలచౌడునకు దాని యక్కఱ లేదు.

ఉప్పునీరు ముంచిన పొలమున రెండు దోషములును కలియవచ్చును. అపుడు వట్టి నీటితో కడిగిన ఉప్పు పోయి నేల బిగిసికొనును. 1953 నాటి సముద్రపు వఱద పిమ్మట హాలెండువారు అందులకే తమ పొలములకు జిప్సము చల్లిరి.

అయానులు విద్యుత్తును మోయును గావున, పరీక్షాశాలలో ఆ ప్రవాహమును బట్టియే లవణ సూచికను కొలుతురు. నీట నానిన మట్టి నుండి తీసిన ద్రవమున అది మీటరుకు 4 డెసిసీమెన్సు మించిన పాలచౌడు; ఉదజని సూచిక 8.5 మించిన కారుచౌడని అనుమానింపవలెను. మట్టిని జానెడు లోతున, పలుచోట్ల తీసి కలుపుడు. గట్టు ప్రక్కను, పెంటకుప్ప క్రిందను తీయరాదు.

ఇంటనే చూడదలచినచో, గాజుసీసాలో పిడికెడు మట్టిపై వాననీరు పోసి కుదిపి, మఱునాడు చూడుడు. పైనీరు తేరిన పాలచౌడు కావచ్చును. బురదగానే యున్న సోడియము పట్టినదనుకొని, పరీక్షాశాలవారు చెప్పిన మోతాదున జిప్సమును పైమట్టిలో కలియదున్ని, వారము దినములు నీరు నిలిపి, మురుగు తీసి, జీలుగ చల్లుడు.