టైరుకు కొడితే కారు ఆగుతుందా?

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లలో ఇన్నేళ్లలో ఎన్ని కార్లు పల్టీలు కొట్టాయో లెక్క లేదు. హీరో జీపులోంచి సగం బయటికి వంగి ఒక్కటంటే ఒక్క గుండు పేలుస్తాడు. ముందుపోయే సుమో వెనక టైరు పగులుతుంది, బండి గిర్రున తిరిగి బోర్లా పడుతుంది, హాలంతా ఈలలు. ఆ హాళ్లకు నడిచిపోయేంత దూరంలో, అశోక్‌నగర్‌లో చాయ్ బండి దగ్గర, ఎస్సై పరీక్షకు చదువుతున్న కుర్రాడొకడు మొన్న నన్ను అడిగాడు: “నిజంగ టైరుకు కొడ్తే ఆగదా అన్నా?”

ఆగుతుందని నమ్మి ట్రిగ్గర్ నొక్కడానికైతే వీల్లేదు. ఎందుకో అతని నోట్‌బుక్ చివరి పేజీలోనే లెక్క వేసి చూశాం.

చిన్న కారు టైరు వెడల్పు 16 నుంచి 18 సెంటీమీటర్లు. కుర్రాడి జామెట్రీ బాక్సులోని స్కేలు 15. అంటే వెనక నుంచి గురిపెట్టేవాడికి బంపరు కింద కనిపించేది స్కేలు కంటే కాస్త వెడల్పైన నల్లటి ముక్క. 20 మీటర్ల దూరంలో పిస్తోలు మొన ఒక్క డిగ్రీ పక్కకు జరిగితే తూటా 35 సెంటీమీటర్లు తప్పుతుంది. రెండు టైర్ల వెడల్పన్నమాట. నేల మీద కదలకుండా నిలబడి కాల్చినా లెక్క ఇదే. ఇక పరిగెత్తే బండిలోంచి, మన స్పీడ్ బ్రేకర్ల మీద కాలిస్తే ఎంత తప్పుతుందో వేరే చెప్పాలా? గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఊపిరి బిగబట్టి గురి చూసేలోపు ముందున్న వీధి మారిపోతుంది.

సరే, తగిలిందే అనుకుందాం. 9 ఎంఎం తూటా టైరుకు చేసేది వేలు కూడా సరిగా పట్టని రంధ్రం. ట్యూబ్‌లెస్ టైరు సినిమాలోలా పేలదు, గాలి దిగుతూ పోతుంది. 1,200 కిలోల కారుకు ఆ వేగంలో ఉండే గతిశక్తి దాదాపు 3 లక్షల జౌళ్లు. పిస్తోలు తూటాది 500 చిల్లర. సుమారు 600 రెట్ల తేడా! తూటా కారును ఆపదు, ఆపితే లోపలున్న మనిషిని ఆపుతుంది. అప్పుడు మిగిలేది డ్రైవర్ లేని 3 లక్షల జౌళ్లు. ఇందిరా పార్క్ నుంచి వీఎస్టీ దాకా 2023 ఆగస్టులో తెరిచిన స్టీల్ బ్రిడ్జి పొడవు 2.25 కిలోమీటర్లు. 80 వేగంలో మొత్తం 101 సెకన్ల దారి. దాని మీద అలాంటి బండి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. గురి తప్పిన తూటాకైతే అడ్డేమీ తగలకపోతే కిలోమీటరున్నర దాకా పోయే సత్తా ఉంటుంది. మెట్రోలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ ఇంచుమించు అంత దూరమే.

కాగితం లెక్క కాదు, జరిగినదే చూడండి. 2010 మార్చి 23 రాత్రి అమెరికాలోని టెక్సాస్‌లో, తూలియా ఊరి దగ్గర ఓ కారును పోలీసులు 18 నిమిషాలు వెంటాడారు. వేగం గంటకు 137 నుంచి 177 కిలోమీటర్లు. నా దగ్గర తుపాకీ ఉంది, కాలుస్తానని కారు నడుపుతున్నవాడు ఫోన్‌లో బెదిరించాడు. ముందున్న వంతెన కింద మేకుల పట్టీ పరిచి ఉంది. అదే వంతెన పైన, రోడ్డుకు 20 అడుగుల ఎత్తున, చాడ్రిన్ ములెనిక్స్ అనే పోలీసు రైఫిల్‌తో నిలబడ్డాడు. ఇంజిన్‌ను కొట్టి బండిని ఆపాలని అతని ఆలోచన. అందులో అతనికి శిక్షణ లేదు. మేకులు పనిచేస్తాయేమో ఆగి చూడమని పైఅధికారి చెప్పాడు కూడా. అయినా ఆరు గుండ్లు కాల్చాడు. రేడియేటర్‌కు, బానెట్‌కు, ఇంజిన్‌కు తగిలినవి సున్నా. డ్రైవర్ ఒంట్లో దిగినవి నాలుగు. కారు మేకుల మీదుగా పోయి, డివైడర్‌ను కొట్టి, రెండున్నర పల్టీలు వేసింది. అమెరికా సుప్రీంకోర్టు 2015లో ఆ పోలీసుపై దావా నడవదని చెప్పింది. దావా సంగతి ఎలా ఉన్నా, ఆ సున్నా మాత్రం అలాగే ఉంది.

న్యూయార్క్ పోలీసులు ఈ సంగతి ముందే గ్రహించారు. దొంగ కారులో పోతున్న బాలుడు పోలీసు గుండుకు చనిపోయాక, 1972లో కదిలే వాహనం మీద కాల్పులను దాదాపు నిషేధించారు. లోపలివాళ్లు బండితో కాక వేరే మారణాయుధంతో మీదికి వస్తే తప్ప కాల్చకూడదు. ఆ ఏడాది పోలీసు కాల్పుల ఘటనలు 994, మరుసటి ఏడాది 665. కాల్పుల నియమాలన్నీ అప్పుడే బిగించారు కాబట్టి ఘనతంతా ఈ ఒక్కదానికే కట్టబెట్టలేం.

మన దగ్గర చట్టం ఏమంటుంది? 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 43. పాత సీఆర్‌పీసీ 46కు కొత్త నంబరు. అరెస్టును తప్పించుకోబోతే పోలీసు అవసరమైన మార్గాలన్నీ వాడొచ్చు. కానీ మరణశిక్షో, యావజ్జీవమో పడగల నేరం మోపబడనివాడి ప్రాణం తీసే హక్కు ఈ సెక్షన్ ఇవ్వదు. స్నాచింగ్‌కు శిక్ష గరిష్ఠంగా మూడేళ్లు. ఫోన్ లాక్కుని పారిపోతున్నవాడిని ‘పారిపోతున్నాడు’ అన్న కారణంతో చంపడం కుదరదు. వాడు వెనక్కి తిరిగి మీదికొస్తే అది ఆత్మరక్షణ, దాని సెక్షన్లు వేరు.

2025 అక్టోబరు 25న చాదర్‌ఘాట్ విక్టోరియా గ్రౌండ్‌లో డీసీపీ చైతన్య కుమార్ రెండు రౌండ్లు కాల్చింది అలాంటి సందర్భంలోనేనని పోలీసుల కథనం. వెంబడిస్తుంటే సెల్‌ఫోన్ దొంగ కత్తితో దాడి చేశాడని, గన్‌మన్ కింద పడిపోవడంతో ఆయన తుపాకీనే డీసీపీ అందుకున్నారని చెప్పారు. నిందితుడు గాయపడ్డాడు. 2015 ఏప్రిల్‌లో సూర్యాపేట బస్టాండ్‌లో ఇద్దరిని చంపి పారిపోయినవాళ్లు జానకీపురం దగ్గర ఎదురుపడినప్పుడైతే ఈ తర్కానికే చోటు లేదు. అవతల తుపాకులే పేలుతున్నాయి. సూర్యాపేటలో కానిస్టేబుల్, హోంగార్డు, జానకీపురంలో ఇంకో కానిస్టేబుల్, ఆ తర్వాత ఆసుపత్రిలో ఎస్సై, మొత్తం నలుగురు పోలీసులు పోయారు.

నన్ను ఎక్కువగా వెంటాడేది మాత్రం అసలు వేగమే లేని కేసు. 1997 మార్చి 31, ఢిల్లీ బారాఖంబా రోడ్డు, పట్టపగలు. గ్యాంగ్‌స్టర్ అనుకుని పోలీసులు ఓ కారును చుట్టుముట్టి కాల్చారు. పోయింది ఇద్దరు వ్యాపారులు. ఏసీపీతో సహా పది మంది పోలీసులకు యావజ్జీవం పడింది, 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆగి ఉన్న కారులో ఎవరున్నారో తెలియలేదు.

ఇదంతా విని కుర్రాడు తన గైడు తిరగేశాడు. దోపిడీకి పదేళ్లు, హైవే మీద రాత్రిపూటైతే పద్నాలుగు. అదే పనికి ఐదుగురు కలిస్తే డెకాయిటీ, యావజ్జీవం దాకా. అంటే ఎవరికీ గాయం చేయని దోపిడీ తర్వాత పారిపోయే కారులో నలుగురుంటే ఒక లెక్క, ఐదో మనిషి ఉంటే ఇంకో లెక్క. స్కేలును పేజీ మీద అడ్డంగా పెట్టి కాసేపు ఆలోచించాడు.

“మరి బ్లాక్ ఫిల్మ్ ఏసిన బండిల ఎంతమంది కూసున్నరో ఎట్ల ఎరుకైతది అన్నా?”