మీకు తెలుసా? ఎన్నిసార్లు కొలిచినా పోని తప్పు ఒకటుంది

2011 సెప్టెంబరులో భౌతిక శాస్త్రవేత్తలంతా ఉలిక్కిపడ్డారు. జెనీవా దగ్గరి సెర్న్ నుంచి బయల్దేరిన న్యూట్రినోలు సుమారు 730 కిలోమీటర్ల దూరంలో, ఇటలీలోని గ్రాన్ సాసో కొండ కింద ఉన్న ప్రయోగశాలకు కాంతికన్నా 60 నానోసెకన్లు ముందే చేరుతున్నాయని ‘ఒపెరా’ బృందం ప్రకటించింది. ఒకటి రెండు కణాలను చూసి చెప్పిన మాట కాదది. మూడేళ్లలో 15 వేలకు పైగా న్యూట్రినోలను నమోదు చేశారు. సగటులో అనిశ్చితిని పది నానోసెకన్ల లోపుకి దించారు. అయినా నమ్మబుద్ధి కాక, మా తప్పేమిటో మీరూ వెతకండని తోటి శాస్త్రవేత్తలనే కోరారు.

కొన్ని నెలలకు ఆ తప్పు దొరికింది. జీపీఎస్ సంకేతాన్ని ప్రయోగశాలలోని గడియారానికి అందించే ఫైబర్ ఆప్టిక్ తీగ కనెక్టర్ సరిగ్గా బిగుసుకోలేదు. దానివల్ల లెక్క 70 నానోసెకన్లకు పైగా తప్పింది. మరో చోట గడియారంలోని చిన్న తేడా ఎదురు దిశలో కొంత తగ్గించగా, మిగిలినవే ఆ 60 నానోసెకన్లు.

మరి అన్ని వేల రీడింగులు ఎందుకు ఆదుకోలేదు? మన ఇంటర్ పిల్లలు చదివే యాదృచ్ఛిక దోషాలు, క్రమ దోషాల పాఠమంతా ఈ ప్రశ్నలోనే ఉంది. స్టాప్‌వాచ్ నొక్కే వేలు ఒకసారి ముందు పడుతుంది, ఒకసారి ఆలస్యమవుతుంది. ఇది యాదృచ్ఛిక దోషం. ఎక్కువ తక్కువలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి సగటు తీస్తే తగ్గుతుంది. నాలుగు రెట్లు రీడింగులు తీస్తే సగమవుతుంది, వంద రెట్లు తీస్తే పదో వంతుకి వస్తుంది. వదులైన తీగ అలా కాదు. ప్రతిసారీ ఒకే వైపు, ఒకే మేర తప్పిస్తుంది. అది క్రమ దోషం. లక్ష రీడింగులు తీసినా సగటులో అది చెక్కుచెదరదు.

నిర్వచనాలు బట్టీ పట్టించడంకన్నా ల్యాబ్‌లోని లఘులోలకంతో ఈ తేడా కళ్లకు కట్టించవచ్చు. రెండు సెంటీమీటర్ల వ్యాసమున్న గుండు తీసుకోండి. లోలకం పొడవును గుండు మధ్య దాకా కాకుండా, దారం చివరిదాకా మాత్రమే కొలవమనండి. అంటే ప్రతి పొడవులోనూ ఒక సెంటీమీటరు తక్కువ. 20 డోలనాల కాలం చూసి గురుత్వ త్వరణం లెక్కగడితే, 20 సెంటీమీటర్ల దారానికి విలువ దాదాపు 5 శాతం తగ్గి వస్తుంది. 100 సెంటీమీటర్ల దారానికి తగ్గేది ఒక్క శాతమే. చేతి తప్పులైతే విలువలు పైకీ కిందికీ చెదిరేవి. ఇక్కడ అన్నీ తక్కువే, అదీ ఒక వరుసలో. ఈ వరుసను పిల్లలే కనిపెట్టాలి, టీచరు ముందే చెప్పేయకూడదు.

ఇప్పుడు అవే కొలతలతో పొడవుకీ, డోలనకాల వర్గానికీ గ్రాఫు గీయించండి. బిందువులు గీతకి అటూ ఇటూ కాస్త చెదిరితే అది యాదృచ్ఛిక దోషం. గీత మూల బిందువు గుండా పోకుండా పక్కకి జరిగితే అది క్రమ దోషం. గీత వాలు మాత్రం మారదు, కాబట్టి వాలు నుంచి తీసిన గురుత్వ త్వరణం సరిగ్గానే వస్తుంది! గీత పొడవుల అక్షాన్ని తాకే చోటు, వదిలేసిన ఆ ఒక్క సెంటీమీటరునీ చూపిస్తుంది. పాఠశాల ప్రయోగాల్లో ఇంతకన్నా అందమైనది నాకు కనిపించలేదు.

అన్ని క్రమ దోషాలూ గ్రాఫుకి చిక్కవు. స్టాప్‌వాచే నెమ్మదిగా నడుస్తుంటే గీత మూల బిందువు గుండానే పోతుంది, వాలే తప్పుతుంది. అప్పుడు వేరే వాచీతో పోల్చడం తప్ప దారి లేదు. తక్కెడ చేతులు సమానంగా లేవని అనుమానమొస్తే, వస్తువును ఒకసారి ఎడమ పళ్లెంలో, ఒకసారి కుడి పళ్లెంలో తూచి, రెండు తూకాల లబ్ధానికి వర్గమూలం తీస్తే అసలు బరువు తెలుస్తుంది.

మన ప్రాక్టికల్స్‌లో మార్కులన్నీ పుస్తకంలోని విలువకు దగ్గరగా రావడానికే పడుతున్నాయి. దాంతో గురుత్వ త్వరణం 980 సెం.మీ./సె² వచ్చేట్టు రీడింగులు సర్దడం పిల్లలు త్వరగానే నేర్చుకుంటారు. ఇది చాలా నష్టం. భౌతికశాస్త్రం చెప్పే మాస్టార్లకు, మేడమ్‌లకు ఒక విన్నపం: ఈసారి ల్యాబ్‌లో శూన్యాంశ దోషమున్న స్క్రూ గేజి ఒకటి చెప్పకుండా ఇచ్చి చూడండి. దాన్ని పట్టుకున్నవాళ్లకి పూర్తి మార్కులు వేయండి.